మన టెక్సాస్ స్టేట్ రెప్ సొంత పార్టీకి ఎదురు ఓటేశాడా? రికార్డు తీసి మనమే చూస్కునే పద్ధతి

ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) వచ్చిందంటే చాలు మెయిల్‌బాక్స్ నిండా రంగురంగుల కార్డులే. ఒకసారి మా ఇంటికి ఒకే వారంలో ఒకే మనిషి గురించి రెండు కార్డులొచ్చాయి. ఒకదాంట్లో సొంత పార్టీకి వెన్నుపోటు పొడిచాడని, ఇంకోదాంట్లో జిల్లా (అంటే మన నియోజకవర్గం లాంటిది) కోసం పార్టీనే ఎదిరించాడని. తీరా రెండింటి కింద చిన్నక్షరాలు చూస్తే ఇద్దరూ చూపించింది ఒకే ఓటు.

అప్పట్నుంచి గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, "అసలు ఎవరు ఎటు ఓటేశారో మనమే చూస్కోవాలంటే ఎలా?" అని. ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసేస్తున్నా. ఇది టెక్సాస్ లెజిస్లేచర్ గురించే, డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళే ఎక్కువ అడుగుతున్నారు కాబట్టి. వేరే స్టేట్‌లో ఉన్నవాళ్ళకి వెబ్‌సైట్ మారుతుంది, రూల్స్ కొంచెం మారతాయి, చూసే వరస మాత్రం దాదాపు ఇదే.

ఒక సాయంత్రం, రెండు కప్పుల టీ, ఒక ఎక్సెల్ షీట్ ఉంటే చాలు.

## 1. ముందు విప్ సంగతి బుర్రలోంచి తీసెయ్యండి

మన దగ్గర పార్టీ విప్ ఇచ్చాక ఎదురు ఓటేస్తే పదో షెడ్యూల్ కింద ఎమ్మెల్యే సీటే ఎగిరిపోవచ్చు. అందుకే మన అసెంబ్లీల్లో ఎవరు ఎటు ఓటేశారన్నది పెద్దగా వార్తే కాదు, మూజువాణీ ఓటుతో బిల్లు అయిపోతుంది. ఎప్పుడైనా రచ్చయితే అది రహస్య ఓటు దగ్గరే. 2023 మార్చిలో ఏపీలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు వైఎస్సార్సీపీ నలుగురు ఎమ్మెల్యేల్ని సస్పెండ్ చేసింది గుర్తుందిగా, అక్కడ ఎవరు ఎవరికి వేశారో చూపించే కాగితమే బయటికి రాదు, అంతా అంచనాలే.

ఇక్కడ తిరగేసి ఉంటుంది. ఎదురు ఓటేస్తే సీటు పోదు, ఓటు మాత్రం పేరుతో సహా ప్రింటయి పడుంటుంది. శిక్ష ఏదైనా ఉంటే అది తర్వాతి ప్రైమరీలో. అందుకే కార్డుల గొడవంతా.

## 2. సిద్ధం చేస్కోవాల్సినవి

వెబ్‌సైట్ ఓపెన్ చేసేముందు ఇవి ఒక కాగితం మీద రాస్కోండి, లేకపోతే గంటసేపు తిరిగి తిరిగి తప్పు మనిషి ఓటు చూసొస్తారు.

- మీ స్టేట్ హౌస్ జిల్లా నంబర్, స్టేట్ సెనేట్ జిల్లా నంబర్
- మనిషి పూర్తి పేరు, ఇంటిపేరు స్పెల్లింగు
- ఏ లెజిస్లేచర్, ఏ సెషన్
- మీకు పట్టింపున్న రెండు మూడు విషయాలు (స్కూళ్ళు, ప్రాపర్టీ టాక్స్, ఇంకేదైనా)

జిల్లా నంబర్ కోసం లెజిస్లేచర్ వాళ్ళదే "హూ రెప్రజెంట్స్ మీ" పేజీ ఉంది, అందులో ఇంటి అడ్రస్ కొట్టండి. పక్కింటివాళ్ళని అడగొద్దు. ఫ్రిస్కో ఊరే కొలిన్, డెంటన్ రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది, రోడ్డుకి అవతల వైపు వేరే మనిషి ఉండొచ్చు.

ఆ పేజీలో కాంగ్రెస్ మెంబర్ పేరు కూడా వస్తుంది. వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళు వేరు, ఆస్టిన్ వెళ్ళేవాళ్ళు వేరు. మనకి కావాల్సింది ఆస్టిన్ వాళ్ళు, హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది. 2025లో అంత గొడవైన సరిహద్దుల మ్యాపు కాంగ్రెస్ సీట్లది, స్టేట్ హౌస్ జిల్లాలది కాదు. ఇది కలిపేస్కుని మా జిల్లా మారిపోయిందంటగా అని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు.

సెషన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. రెగ్యులర్ సెషన్ బేసి సంవత్సరాల్లో జనవరిలో మొదలై 140 రోజులు నడుస్తుంది. మధ్యలో గవర్నర్ పిలిస్తే స్పెషల్ సెషన్లు, ఒక్కోటి 30 రోజుల్లోపు. 2023 రెగ్యులర్ సెషన్ అంటే 88(ఆర్), అంటే 88వ లెజిస్లేచర్ రెగ్యులర్, అదే ఏడాది నాలుగో స్పెషల్ అంటే 88(4). ప్రతి సెషన్‌లో బిల్లుల నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. రెగ్యులర్‌లో హౌస్ బిల్ 1 అంటే సాధారణంగా బడ్జెట్, 88(4)లో హౌస్ బిల్ 1 అంటే స్కూల్ వౌచర్ల బిల్లు. సెషన్ ఎంచుకోకుండా బిల్లు నంబర్ కొడితే ఏ బిల్లు వస్తుందో దేవుడికే తెలియాలి.

## 3. "పార్టీ" అంటే ఎవరో ముందే తేల్చుకోండి

చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత లెక్క కుదరక కూర్చుంటారు. పార్టీకి ఎదురు అంటే ఎవరికి ఎదురు? సభలో అదే పార్టీ మెంబర్లలో ఎక్కువమందికా, గవర్నర్‌కా, స్పీకర్‌కా, స్టేట్ పార్టీ ఆఫీసుకా? నలుగురూ ఒక మాట మీద ఉంటే ఇబ్బంది లేదు. ఉండరే.

2023 మే 27న అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ అభిశంసన ఓటు చూడండి, 121–23తో పాసయింది. ఆయన రిపబ్లికన్. అవునన్నవాళ్ళలో 60 మంది రిపబ్లికన్లే. మరి పార్టీకి ఎదురు పోయింది ఆ 60 మందా, వద్దన్న 23 మందా? సభలో తలలు లెక్కపెడితే ఆ 23 మందే ఎదురు. పార్టీ కార్యకర్తల్ని అడిగితే 60 మందీ ద్రోహులే అంటారు, ఆ తర్వాత ప్రైమరీల్లో వాళ్ళలో చాలామందికి సెగ తగిలింది కూడా.

ఇంకోటి, 2025 జనవరిలో స్పీకర్ ఎన్నిక. డస్టిన్ బరోస్ 85 ఓట్లతో గెలిచాడు, అందులో 49 డెమోక్రాట్లవి, 36 రిపబ్లికన్లవి. అంటే స్పీకరే సొంత పార్టీలో తక్కువమంది ఓట్లతో కూర్చున్నాడు. అలాంటప్పుడు స్పీకర్ మాట విన్నాడంటే పార్టీ మాట విన్నట్టా?

నా పద్ధతి ఏంటంటే, అదే పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది ఎటు వేశారన్నదే కొలత, గవర్నర్ మాట పక్కన వేరే కాలమ్‌లో రాస్తా. మీరు ఇంకో కొలత పెట్టుకోండి పర్లేదు, మధ్యలో మార్చొద్దంతే.

## 4. బిల్లు పేజీలోంచి రికార్డ్ ఓటు పట్టుకోవడం

టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే సైట్ తెరవండి. అందరూ టీఎల్ఓ అంటారు. చూడ్డానికి ఇరవై ఏళ్ళ కింద తయారైనట్టుంటుంది గానీ పని మాత్రం పక్కా.

ఎ. పైన లెజిస్లేచర్ బాక్సులో సెషన్ ఎంచుకోండి.

బి. బిల్లు నంబర్ కొట్టండి. నంబర్ తెలియకపోతే టాపిక్‌తో వెతకొచ్చు, కానీ న్యూస్‌లో చూసి నంబర్ పట్టుకుని రావడం తేలిక.

సి. బిల్లు పేజీలో "యాక్షన్స్" ట్యాబ్ నొక్కండి. బిల్లు ఎప్పుడు కమిటీకి వెళ్ళింది, ఎప్పుడు చదివారు, ఏం సవరించారు, తేదీలవారీగా ఉంటుంది. కొత్తవి పైన, పాతవి కింద. కింద నుంచి పైకి చదవండి, కథ అర్థమవుతుంది.

డి. రికార్డ్ ఓట్ అని ఉన్న చోట పక్కనే ఆర్‌వీ (రికార్డ్ ఓటు) నంబర్, జర్నల్ పేజీ నంబర్ ఉంటాయి. రెండూ షీట్‌లో రాస్కోండి.

ఇ. "అమెండ్‌మెంట్స్" ట్యాబ్ తప్పకుండా చూడండి. అసలు కొట్లాట అక్కడే జరుగుతుంది.

టెక్సాస్‌లో బిల్లుని సభలో సెకండ్ రీడింగ్, థర్డ్ రీడింగ్ అని రెండుసార్లు ఓటుకి పెడతారు. సవరణలు, అరుపులు, బేరాలు అన్నీ సెకండ్ రీడింగ్ రోజు. థర్డ్ రీడింగ్‌కి వచ్చేసరికి ఓడిపోయినవాళ్ళు కూడా చల్లబడి చివర్లో అవునని నొక్కేస్తారు ఒక్కోసారి. ఆ చివరి ఓటు ఒక్కటే చూసి మనోడు పార్టీతోనే ఉన్నాడు అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

## 5. జర్నల్ పేజీ చదవడం

జర్నల్ అంటే సభ రోజువారీ రికార్డు, పీడీఎఫ్‌లో ఉంటుంది. ఆర్‌వీ నంబర్‌తో వెతికితే ఒక పేరా దొరుకుతుంది, ఇంగ్లీషులో యేస్ (అంటే ఎస్), నేస్ (అంటే నో), ప్రెజెంట్ నాట్ ఓటింగ్, ఆబ్సెంట్ ఎక్స్‌క్యూజ్డ్, ఆబ్సెంట్ అనే వరసలో పేర్లు కుప్పపోసి ఉంటాయి. పక్కన పార్టీ రాసి ఉండదు. ఇంటిపేర్లే, కామాలు పెట్టి.

మొదటి తంటా ఆ ఇంటిపేర్లతోనే. మన ఊళ్ళో ఒక వీధి నిండా ఒకే ఇంటిపేరు ఉన్నట్టు, 88వ సభలో జాన్సన్‌లు ముగ్గురు, ఏ., జే.డీ., జే.ఈ. అని పొడక్షరాలతోనే తెలుస్తుంది. జోన్స్‌లు ఇద్దరు, బెల్‌లు ఇద్దరు. మార్టినెజ్ వేరు, మార్టినెజ్ ఫిషర్ వేరు. కంట్రోల్ ఎఫ్ కొట్టి మొదట దొరికిన పేరుతో సరిపెట్టుకోవద్దు.

రెండోది తేదీ. ఓటు అర్ధరాత్రి దాటాక పడితే అది ముందు రోజు జర్నల్‌లో ఉండొచ్చు. 2025లో వౌచర్ల బిల్లు సెనేట్ బిల్ 2 మీద హౌస్ సెకండ్ రీడింగ్ ఓటు అలాంటిదే, ఏప్రిల్ 16న కూర్చున్న సభ ఓటేసేసరికి 17 తెల్లవారుజాము అయింది. న్యూస్‌లో 17 అని చదివి 17 జర్నల్ తీసి లేదే అని కంగారు పడొద్దు, ఒక రోజు వెనక్కి వెళ్ళి చూడండి.

మూడోది స్పీకర్. ప్రెజెంట్ నాట్ ఓటింగ్ కింద "మిస్టర్ స్పీకర్", పక్కన బ్రాకెట్లో సి అని ఉంటుంది, అంటే కుర్చీలో ఉన్నాడని. అది తప్పించుకోవడం కిందికి రాదు, స్పీకర్లు మామూలుగా ఓటెయ్యరు.

## 6. ఎస్ అంటే దేనికి ఎస్? (ఇక్కడే అందరూ పడేది)

నేను కూడా పడ్డా. కొన్నేళ్ళ కింద మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక పేరు పెట్టి ఈయన టీచర్ల జీతాల సవరణకి ఎస్ కొట్టాడు చూడండి, సొంత పార్టీని కాదని, అని గొప్పగా స్క్రీన్‌షాట్ వేశా. పావుగంటలో ఇక్కడ పాతికేళ్ళుగా ఉంటున్న ఒక అంకుల్ ఫోన్ చేశారు. "బాబూ, పై లైను చదివావా? అది సవరణ మీద ఓటు కాదు, సవరణని టేబుల్ చెయ్యమని పెట్టిన మోషన్, అంటే ప్రతిపాదన, మీద ఓటు. ఆయన ఎస్ అన్నది దాన్ని చంపడానికి." డిలీట్ చేద్దామని చూస్తే అప్పటికే మూడు గ్రూపులకి పోయింది.

మనకి ఇంకా చిక్కు ఎందుకంటే ఇండియాలో పేపర్లు బిల్లు టేబుల్ చేశారు అంటే సభలో పెట్టారని అర్థం. ఇక్కడ టేబుల్ చేశారంటే పక్కన పడేశారని. అదే మాట, అర్థం పూర్తిగా తలకిందులు.

కాబట్టి ఓటుకి పైనున్న రెండు మూడు లైన్లు చదవకుండా పేర్ల జోలికి వెళ్ళొద్దు. ఇది పెట్టుకోండి:

- టేబుల్ చేసే మోషన్: ఎస్ అంటే సవరణ వద్దు, నో అంటే సవరణ కావాలి లేదా కనీసం దాని మీద నేరుగా ఓటు జరగాలి
- సవరణ మీద ఓటు: ఎస్ అంటే సవరణ కావాలి, కానీ ఆ సవరణ బిల్లుకి ప్రాణం పోస్తుందా తీస్తుందా చూడాలి
- ప్రీవియస్ క్వశ్చన్: ఎస్ అంటే మాట్లాడింది చాలు, ఓటుకి పదండి
- బిల్లుని కమిటీకి తిప్పి పంపడం: ఎక్కువసార్లు మర్యాదగా పాతిపెట్టడమే

ఇప్పుడు ఒక అసలు ఉదాహరణ, మొదట్నుంచి చివరిదాకా చూద్దాం.

2023 నవంబర్ 17, సెషన్ 88(4), హౌస్ బిల్ 1. ప్రభుత్వ డబ్బుతో పిల్లల్ని ప్రైవేట్ స్కూల్లో చేర్చుకునే అకౌంట్లు, జనం నోట్లో వౌచర్లు, బిల్లులో అదే పెద్ద భాగం. గవర్నర్ గ్రెగ్ అబాట్ పట్టుబట్టింది దానికే. బిల్లు పెట్టింది రిపబ్లికన్ బ్రాడ్ బక్లీ. దాని మీద ఇంకో రిపబ్లికన్, జాన్ రేనీ, ఒక సవరణ పెట్టాడు, బిల్లులోంచి వౌచర్ల భాగం మొత్తం పీకెయ్యమని. ఓటు 84–63. సవరణ గెలిచింది.

84లో 21 మంది రిపబ్లికన్లు, మిగతా 63 డెమోక్రాట్లు. ఇక్కడ ఎస్ అన్న రిపబ్లికన్ గవర్నర్‌కీ ఎదురు, సభలో తన పార్టీలో ఎక్కువమందికీ ఎదురు. పేజీలో మాత్రం ఎస్ అనే ఉంటుంది, హౌస్ బిల్ 1 అనే ఉంటుంది. ఎవరైనా ఎస్ ఆన్ హెచ్‌బీ 1 అని గ్రాఫిక్ చేసి వదిలితే చూసినవాడు బిల్లుని సపోర్ట్ చేశాడనుకుంటాడు.

ఇంకో మెలిక. సవరణ నెగ్గాక బక్లీ బిల్లుని కమిటీకి తిప్పి పంపించేశాడు, అక్కడే పోయింది. అంటే ఈ బిల్లుకి ఫైనల్ ఓటే లేదు. ఫైనల్ పాసేజ్ ఓట్లు మాత్రమే చూసేవాళ్ళకి ఆ రెండేళ్ళలో అతి పెద్ద తిరుగుబాటు కనపడనే కనపడదు.

ఆ 21 మందికి తర్వాత ఏమైందో కూడా షీట్‌లో రాస్కోండి. ఐదుగురు మళ్ళీ పోటీ చెయ్యలేదు, రేనీ వాళ్ళలో ఒకడు. పోటీ చేసిన 16 మందిలో తొమ్మిది మంది 2024 ప్రైమరీల్లో, రనాఫ్‌ల్లో (ప్రైమరీ రెండో విడతలో) ఓడిపోయారు, అబాట్ అవతలివాళ్ళ కోసం ఊరూరా తిరిగాడు. మిగిలిన ఏడుగురూ మళ్ళీ సభకొచ్చారు. 2025లో సెనేట్ బిల్ 2 వచ్చినప్పుడు ఆ తెల్లవారుజాము ఓటు 85–63, నో అన్న రిపబ్లికన్లు ఇద్దరే, గ్యారీ వాన్‌డీవర్, డేడ్ ఫీలన్. వాన్‌డీవర్ ఆ ఏడుగురిలో ఒకడు, రెండుసార్లూ వౌచర్లకి ఎదురే. మిగతా ఆరుగురు ఈసారి పార్టీతో నడిచారు. ఫీలన్ 2023లో స్పీకర్ కుర్చీలో ఉన్నాడు కాబట్టి అప్పటి లిస్టులో లేడు.

చూశారా, ఒకే మనిషికి 2023లో ఎదురు, 2025లో అనుకూలం. ఏదో ఒక ఓటు పట్టుకుని ఆయన అలాంటోడు అని రాసేస్తే సగమే రాసినట్టు. అందుకే ఒకే విషయం మీద రెండు సెషన్లయినా చూడమని చెప్తా.

## 7. ఓటెయ్యకపోవడం కూడా లెక్కే

సభలో ఒక్కొక్కరి బల్ల మీద బటన్లుంటాయి, పెద్ద బోర్డు మీద ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు లైట్లు. తెలుపు అంటే ఉన్నాను కానీ వెయ్యను అని. పార్టీని నేరుగా ఎదిరించలేక, అలాగని కలవలేక కొందరు తెలుపు నొక్కుతారు, కొందరు అప్పుడే కాఫీకి లేస్తారు. షీట్‌లో వీటిని ఎదురు అనొద్దు, అనుకూలం అనొద్దు. "దాటేశాడు" అని వేరే కాలమ్ పెట్టండి. ఒక్కటుంటే పట్టించుకోనక్కర్లేదు, ఒకే విషయం మీద నాలుగుసార్లు దాటేస్తే అది కాఫీ అలవాటు కాదు.

జర్నల్‌లో ఓటు పేర్ల కింద "స్టేట్‌మెంట్స్ ఆఫ్ ఓట్" అని చిన్న భాగం ఉంటుంది, చాలామంది చూడరు. "నా ఓటు ఎస్ అని పడింది, నేను నో వేద్దామనుకున్నా" లేదా "బల్ల దగ్గర లేను, ఉంటే ఎస్ వేసేవాణ్ణి" అని మెంబర్లు రాసిచ్చేవి. దానివల్ల లెక్క మారదు, బోర్డు మీద పడిందే ఓటు. కానీ మీరు తప్పు చేశాడని గ్రూపులో వేసేముందు ఇది చూడకపోతే వాళ్ళ ఆఫీసువాళ్ళు దీన్నే మీ మొహాన పెడతారు. పక్కవాళ్ళు బటన్ నొక్కెయ్యడం ఆ సభలో అలవాటే కాబట్టి నిజంగా పొరపాటు పడినవీ ఉంటాయి. నిజంగా పొరపాటా, ఇంటికెళ్ళాక ఫోన్లొచ్చాయా అన్నది మాత్రం జర్నల్ చెప్పదు.

అసలు ఓటే లేకుండా పార్టీకి ఎదురు తిరిగిన సందర్భం కూడా ఉంది. సభ నడవాలంటే 150లో 100 మంది ఉండాలి. 2021లో ఎన్నికల బిల్లుని ఆపడానికి డెమోక్రాట్లు రాష్ట్రం వదిలి వెళ్ళిపోయారు. ఆగస్టు 19న హ్యూస్టన్ డెమోక్రాట్లు ముగ్గురు, గార్నెట్ కోల్మన్, ఆనా హెర్నాండెజ్, అర్మాండో వాల్లే, సభకి వచ్చి కూర్చున్నారు. కోరం అయింది. ఎస్ లేదు నో లేదు, కుర్చీలో కూర్చోవడమే ఓటు. సొంతవాళ్ళే తిట్టిపోశారు. ఇలాంటివి ఆర్‌వీ నంబర్‌లో దొరకవు, హాజరు పిలిచిన రోజు జర్నల్ చూడాలి.

## 8. షీట్, లెక్క

కాలమ్‌లు ఇలా పెట్టండి:

- సెషన్, తేదీ, బిల్లు, ఆర్‌వీ నంబర్, జర్నల్ పేజీ
- మోషన్ ఏంటి (మీ మాటల్లో, తెలుగులో రాయండి, అప్పుడే అర్థమైందో లేదో తెలుస్తుంది)
- ఇక్కడ ఎస్ అంటే ఏం జరుగుతుంది
- మన మనిషి ఓటు
- ఆయన పార్టీలో ఎక్కువమంది ఎటు
- అవతలి పార్టీలో ఎక్కువమంది ఎటు
- మొత్తం స్కోరు
- దాటేశాడా, స్టేట్‌మెంట్ ఇచ్చాడా

లెక్కలోకి రెండు పార్టీలూ చెరోవైపు ఉన్న ఓట్లు మాత్రమే తీస్కోండి. సభలో పడే ఓట్లలో చాలావరకు గొడవలేనివే, రోడ్డుకి పేరు పెట్టడం లాంటి బిల్లులు అందరూ ఎస్ కొట్టేస్తారు. అవన్నీ కలిపితే ప్రతి ఒక్కడూ పార్టీకి వీర విధేయుడిలా కనిపిస్తాడు. ఊరికే ఉదాహరణకి, మొత్తం 1000 ఓట్లలో 12 సార్లు ఎదురు అంటే ఒకటి పాయింట్ రెండు శాతం, ఏమీ లేనట్టే. అదే పార్టీలు చీలిన 60 ఓట్లలో 12 అంటే ఐదింట ఒకటి. మనిషి అదే, ఓట్లు అవే, కింద పెట్టిన అంకె మారిందంతే.

స్కోరు కాలమ్ ఎందుకంటే, 110–35తో ఎలాగూ పాసయ్యే బిల్లుకి ఎదురు వెయ్యడం చాలా చౌక. జిల్లాలో చెప్పుకోడానికి పనికొస్తుంది, పార్టీకీ నష్టం లేదు, లోపల ఒప్పుకునే వదిలేస్తారు కూడా. ఐదారు ఓట్ల తేడా ఉన్నచోట ఎదురు వేశాడా చూడండి. నేనైతే అలాంటి ఓటు ఒక్కటి చౌక ఓట్లు పదింటితో సమానంగా చూస్తా. ఇది నా లెక్క, ఫార్ములా ఏం లేదు.

చివర్లో ఎదురు పడినవాటిని విషయాలవారీగా గుంపు చెయ్యండి. అన్నీ స్కూళ్ళ మీదే అయితే ఆ మనిషికి ఆ ఒక్క విషయం మీద పట్టుదల ఉందన్నమాట. 21 మందిలో చాలామంది చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, అక్కడ ఊళ్ళో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది ప్రభుత్వ స్కూలే, శుక్రవారం ఫుట్‌బాల్ కూడా అదే. డెమోక్రాట్లలో షాన్ థియరీ వేరే రకం, 2023లో మైనర్లకి జెండర్ మార్పిడి చికిత్సల్ని నిషేధించే సెనేట్ బిల్ 14 మీద రిపబ్లికన్లతో కలిసి ఓటేసింది, 2024 రనాఫ్‌లో ఓడిపోయింది, ఆ ఆగస్టులో పార్టీయే మారిపోయింది. ఇద్దరినీ ఎదురు తిరిగినవాళ్ళు అనే ఒకే గాటన కట్టేస్తే మీకేమీ తెలియదు.

## 9. సెనేట్‌కి చిన్న తేడా

సెనేట్‌లో బిల్లు చర్చకి రావాలంటేనే వరస తప్పించమని ముందు ఒక ఓటు ఉంటుంది, ఇప్పటి రూలు ప్రకారం 31లో 18 మంది ఉంటే చాలు. ఎదురు తిరిగేవాళ్ళు అక్కడే కనపడతారు. ఇంకా, అక్కడ నోటి ఓటు పడితే ప్రత్యేకంగా నో అని రాయించుకున్నవాళ్ళు తప్ప అందరూ ఎస్ కిందే లెక్క. సెనేట్‌లో రిపబ్లికన్లు గీత దాటడం చాలా అరుదు కాబట్టి దాని మీద సాయంత్రమంతా పోసుకోకండి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

స్కోర్‌కార్డు చూసి సరిపెట్టుకోవడం. సంఘాలు ఇచ్చే ఏ ప్లస్‌లు, ఎఫ్‌లు వాళ్ళు ఏరుకున్న ఓట్ల మీదే ఉంటాయి. వాళ్ళు ఏ ఓట్లు తీస్కున్నారో లిస్టు అడగండి, అందులో మీ విషయం ఉందా చూడండి. రైస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ జోన్స్ ప్రతి సెషన్ తర్వాత మెంబర్లని ఎడమ నుంచి కుడికి వరసలో పెట్టి ఇస్తాడు, అది ఏరుకున్న ఓట్లతో కాదు, మొత్తం చూడ్డానికి బాగుంటుంది. కానీ వరసలో ఎక్కడున్నాడో చెప్తుంది, ఎందుకున్నాడో చెప్పదు.

వెతికితే ఓటే దొరకట్లేదు. నోటి ఓటుతో పోయి ఉంటుంది. జర్నల్‌లో ఆ చోట ఫలానావాళ్ళు నో అని నమోదు చేయించుకున్నారు అని బ్రాకెట్లో ఉందేమో చూడండి. ఫైనల్ పాసేజ్‌కి రికార్డ్ ఓటు ఉండాలని 2007లో రాజ్యాంగ సవరణే చేశారు, కాబట్టి పాసయిన పెద్ద బిల్లుకి థర్డ్ రీడింగ్ దగ్గర తప్పకుండా దొరుకుతుంది.

కమిటీని మర్చిపోవడం. బిల్లు సభ దాకా రాకుండానే చచ్చిపోతే కమిటీ మినిట్స్ చూడండి, అక్కడ కూడా పేర్లతో ఓట్లుంటాయి. వీడియోలు కూడా సైట్‌లోనే ఉన్నాయి.

ట్వీటు చూసి నమ్మడం. మెంబర్ తన ఓటు గురించి తనే రాసినా సరే, ఆర్‌వీ నంబర్ లేకపోతే షీట్‌లోకి రానివ్వొద్దు.

సవరణ చదవకపోవడం. సారాంశం రెండు లైన్లే ఉంటుంది, అసలు టెక్స్ట్ తెరిస్తే ఫలానా పేజీలో ఫలానా లైన్లు కొట్టెయ్యాలి అని ఉంటుంది. ఆ పేజీ పక్కన పెట్టుకుని చూడాల్సిందే. విసుగే, అడ్డదారి లేదు.

## 11. గ్రూపులో పెట్టేముందు ఒక చూపు

- సెషన్ సరైనదేనా?
- ఇంటిపేరు పక్కన పొడక్షరాలు సరిపోయాయా?
- మోషన్ ఏంటో రాశారా?
- పార్టీలో ఎక్కువమంది ఎటో లెక్కపెట్టారా, ఊహించారా?
- స్టేట్‌మెంట్స్ ఆఫ్ ఓట్ చూశారా?
- జర్నల్ పేజీ నంబర్ పెట్టారా?

## 12. ఆఫీసుకి ఫోన్

అన్నీ అయ్యాక కూడా ఎందుకు వేశాడో తెలియకపోతే ఫోన్ చెయ్యండి. ఓటు హక్కు సిటిజన్లకే గానీ ఫోన్ అందరూ చెయ్యొచ్చు, జిల్లాలో ఉంటున్నారా అని జిప్ కోడ్ అడుగుతారంతే. క్యాపిటల్ ఆఫీసు కంటే జిల్లా ఆఫీసులో మనిషి తొందరగా దొరుకుతాడు.

సార్ స్కూళ్ళ గురించి ఏమనుకుంటున్నారు అని అడిగితే ఫ్లయర్‌లో ఉన్నదే చదివి వినిపిస్తారు. ఫలానా సెషన్, ఫలానా ఆర్‌వీ నంబర్, టేబుల్ మోషన్ మీద నో ఉంది, పార్టీలో ఎక్కువమంది ఎస్, కారణం తెలుసుకుందామని, అని అడగండి. నేను మొదటిసారి అలా అడిగినప్పుడు అవతల అమ్మాయి ఒక క్షణం ఆగి, "మీరు ఏ ఆర్గనైజేషన్ నుంచండీ?" అంది. ఏ ఆర్గనైజేషనూ కాదమ్మా, ఇక్కడే ఉంటాను అన్నా. రెండు రోజులకి మెయిల్ వచ్చింది, నాలుగు లైన్లు, బిల్లులో సెక్షన్ నంబర్‌తో సహా. దాన్ని కూడా షీట్‌లో నోట్ కాలమ్‌లో పెట్టుకున్నా, వచ్చే సెషన్‌లో అదే సెక్షన్ మళ్ళీ వస్తే చూడాలిగా.